పచ్చగానే ఉంది కదా అనుకున్నాను



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక సండే స్కూల్ పిల్లలు మా అరుగు మీదున్న కుండీ చుట్టూ చేరారు. "అయ్యగారూ, ఈ క్రిస్మస్ చెట్టు ఎప్పుడు పెద్దదవుద్ది?" అని అడిగారు. మన వైపు క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే కదా, సన్నటి ఆకు కనబడితే వాళ్ళకి అన్నీ సరుగుళ్ళే. ఇది జునిపరమ్మా, పెద్దదవకుండా చూసుకోవడమే నా పని అన్నాను. ఆ జవాబు వాళ్ళకి నచ్చలేదు. మీలో పెద్దవాళ్ళు కూడా ఈ బోన్సాయ్ సంగతి చాలాసార్లు అడిగారు. చెబుతాను. ఇన్నాళ్ళూ మీకు చెప్పకుండా దాటేసిన సంగతి కూడా ఒకటి ఇందులోనే ఉంది.

అసలు జునిపరే ఎందుకంటే, సెమినరీలో ఉండగా ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలు చదివేవాణ్ణి. మొదటి రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా చావు కోరుకుంటూ కూర్చున్న చెట్టు అందులో జునిపర్ అని ఉంటుంది. మన తెలుగు బైబిల్లో బదరీవృక్షం, అంటే రేగుచెట్టు. హెబ్రీ మాట రోతెమ్. అది జునిపరూ కాదు, రేగూ కాదు. తెల్లటి పూలు పూసే ఎడారి పొద. కొత్త అనువాదాల్లో సరిచేశారు. ఇదంతా నాకు తెలిసేసరికి మొక్క కొనేశాను.

2015 డిసెంబరులో కడియపులంక నర్సరీలో 300 రూపాయలకు తెచ్చాను. ఫోన్‌లో వీడియోలు చూసి ఉన్నానేమో, ఆగలేకపోయాను. ఒక్క మధ్యాహ్నంలోనే సగానికి పైగా ఆకు కోసేశాను, కొమ్మలన్నిటికీ తీగ చుట్టేశాను, వేళ్ళ మట్టంతా కడిగి, కత్తిరించి, పళ్ళెం లాంటి కుండీలో కూర్చోబెట్టాను. సాయంత్రానికి నిజంగానే కొండమీది ముసలి చెట్టులా కనిపించింది. వచ్చినవాళ్ళకల్లా చూపించాను. వారం గడిచింది, రెండు వారాలు, నాలుగు వారాలు. పచ్చగానే ఉంది. నాకు చెయ్యి తిరిగిందనుకున్నాను.

ఆరో వారం ఆకు పట్టుకుంటే గరగరలాడింది. రంగు కాస్త బూడిదకు తిరిగింది. తర్వాత పది రోజుల్లో మొత్తం ఎర్రబారింది. కుండీ పట్టుకుని నర్సరీకి వెళ్తే అక్కడ పనిచేసే పెద్దాయన ఒక్కసారి చూసి, "ఆయ్, ఇది మీరు కోసిన రోజే పోయిందండి పాస్టరు గారూ. ఈ జాతి చచ్చాక కూడా నెలా నెలన్నర పచ్చగానే కనబడుద్దండి" అన్నారు. ఆ ఆకు మీద మైనంలాంటి పూత ఉంటుంది, లోపలి తడిని బయటికి పోనివ్వదు. అందుకే వేళ్ళు చచ్చిపోయినా ఆకుకు ఆ కబురు అందడానికి వారాలు పడుతుంది.

రెండో మొక్క 2017లో తెచ్చాను. ఈసారి మొదటి ఏడాది ఏమీ చేయలేదు, నీళ్ళు పోశానంతే. కత్తెర పెట్టిన ఏడాది తీగ చుట్టలేదు. వేళ్ళు ముట్టుకున్న ఏడాది కొమ్మలు ముట్టుకోలేదు. ఒకసారికి మూడోవంతుకు మించి ఆకు తీయలేదు. మట్టికి బదులు ఇటుక ముక్కలు, గోదావరి గరుకు ఇసుక, కొంచెం మాగిన పశువుల ఎరువు. ఇది చల్లని దేశాల చెట్టు కాబట్టి మే నెలలో మధ్యాహ్నం ఎండ తగలకుండా కొబ్బరాకు దడి. వేసవిలో కంటికి కనబడని ఎర్రనల్లి పడుతుంది, కొమ్మ కింద తెల్లకాగితం పట్టి తడితే చుక్కల్లా పాకుతుంది. మా ఇంట్లో అమ్మగారు, "సంఘంలో ఇళ్ళు తిరగడానికి తీరిక లేదు గాని దీని నల్లి లెక్కపెట్టడానికి ఉంది" అని అంటూనే ఉండేది. ఆ మాటలో న్యాయం ఉంది.

అప్పుడు కూడా తప్పులు చేయకపోలేదు. ఒక ఏడాది ఉజ్జీవ కూటాలని తిరిగి, తీగ విప్పాల్సిన సమయానికి విప్పలేదు. వానలకు కొమ్మ లావెక్కి తీగ బెరడులోకి దిగిపోయింది. మరమేకు మీద గీతల్లా ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఇక చెప్పకుండా దాటేసిన సంగతి. 2018లో మన సంఘంలో కీబోర్డు వాయించే ఒక తమ్ముడు ఉండేవాడు. శనివారం రాత్రి ఎక్కడో పెళ్ళిలో వాయించి, ఆదివారం ఆలస్యంగా వచ్చాడు. అది మూడోసారి. నేను అందరి ముందూ మందలించి, బల్ల దగ్గర నుంచి లేపేశాను. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. తర్వాతి ఆదివారం వచ్చాడు, వెనక చాప మీద కూర్చున్నాడు. ఆ పై వారం కూడా వచ్చాడు. చూశావా, దిద్దుబాటు పనిచేసింది అన్నాను ఇంట్లో. "వాడు పాట పాడడం లేదు, గమనించారా?" అంది మా ఆవిడ. నేను గమనించలేదు. ఆరు వారాలు వచ్చి మానేశాడు. తర్వాత హైదరాబాదు వెళ్ళిపోయాడని విన్నాను. ఎండిన మొక్క కుండీ అప్పటికి రెండేళ్ళుగా మా పెరట్లోనే బోర్లించి ఉంది. అయినా నాకు తట్టలేదు.

2020లో రెండో మొక్కకు ఎడమవైపు కింది కొమ్మ పొడవైపోయిందని, దాని ఆకంతా తీసేశాను. వేప అయితే మళ్ళీ చిగురు వేస్తుంది. జునిపర్ ముదురు కొమ్మ మీద ఆకు మిగలకపోతే ఆ కొమ్మ పోయినట్టే. పోయింది. బోన్సాయ్ పనిలో ఇలాంటి కొమ్మను బెరడు ఒలిచి, సున్నం గంధకం కలిపి కాచిన మందు పూసి, తెల్లగా ఉంచేస్తారు. జపాను వాళ్ళు దాన్ని జిన్ అంటారు. మందు కుళ్ళిన గుడ్డు వాసన వేసింది, రెండు రోజులు కుండీతో పాటు నన్నూ పెరట్లోకి తరిమారు. జపానులో షికోకు దీవిలోని ఇషిజుచి కొండ జునిపర్లకు పేరు. కొండమీది చెట్లకు ఆ తెల్ల కొమ్మలు మంచువల్ల, పిడుగులవల్ల వస్తాయి. నా చెట్టుకు ఏ పిడుగూ పడలేదు.

పోయిన డిసెంబరులో ఆ తమ్ముడు భార్యనూ బిడ్డనూ తీసుకుని ఊరొచ్చాడు, మా ఇంటికీ వచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఆ తెల్ల కొమ్మ మీద వేలు రాస్తూ, "ఇదెందుకు ఎండిపోయిందండి అయ్యగారూ?" అన్నాడు.

"నేనే ఎండబెట్టాను. ఆకంతా కోసేశాను."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత నిన్ను అందరిముందూ అలా లేపడం నా తప్పు, క్షమించమని అడిగాను. అతను తల ఎత్తలేదు. "ఆరు వారాలు వచ్చానండి. మీరు పిలుస్తారేమోనని" అన్నాడు.

నేను లెక్క మర్చిపోయాననుకున్నాడు కాబోలు.

అతనిప్పుడు హైదరాబాదులో వేరే సంఘంలో వాయిస్తున్నాడు. ఇది రాయవచ్చా అని ఫోన్‌లో అడిగితే, పేరు వేయకండి చాలు అన్నాడు. అందరి ముందూ అన్న మాటకు అందరి ముందే ఒప్పుకోవాలని రాశాను.

జనవరిలో కుండీ మార్చాలి. ఆ రోజు కత్తెర ఇంట్లో పెట్టి తాళం వేస్తానని మా ఆవిడ అంది, సరేనన్నాను. మీలో ఎవరైనా ఇల్లు కడుతుంటే పాత ఇటుక ముక్కలు ఒక తట్టెడు నాకు ఉంచండి. సెనగగింజంత ముక్కలు చాలు, నేనే జల్లించుకుంటాను.