పోలీసు గోడ మీద ఎవరి కథ?

ముంబై-అహ్మదాబాద్ జాతీయ రహదారి మీద, సూరత్‌కు కాస్త ముందు వచ్చే పల్సానాలో పర్యాటకులు ఆగి చూసేదంటూ పెద్దగా ఏమీ లేదు. బారులు తీరిన లారీలు, జౌళి మిల్లుల పొగగొట్టాలు, వాటికి అవతల చెరకు తోటలు. కానీ అక్కడ తూర్పుకు మళ్లితే అరగంటలో బార్దోలీ. జప్తు కాగితం పట్టుకుని సర్కారు గుమ్మంలోకొస్తే రైతు ఏం చేయగలడో దేశానికి చూపిన తాలూకా అది.

1928 ఫిబ్రవరిలో అక్కడి రైతులు పెంచిన భూమిశిస్తు కట్టబోమన్నారు. పెంపు దాదాపు 22 శాతం. జప్తుల కోసం ప్రభుత్వం పఠాన్లను దింపింది. గేదెలను ఎక్కడ తోలుకుపోతారోనని జనం వాటితో పాటే ఇళ్లలో తలుపులు బిగించుకుని గడిపారు. ఆగస్టుకల్లా ప్రభుత్వం దిగొచ్చింది. విచారణ తర్వాత పెంపు 6 శాతం చిల్లరకు తగ్గింది. ఆ పోరాటాన్ని నడిపిన వల్లభ్‌భాయ్ పటేల్‌కు 'సర్దార్' పేరు స్థిరపడింది అక్కడే.

ఆ పటేలే తర్వాత స్వతంత్ర భారత తొలి హోంమంత్రి. ఐపీఎస్ ఆయన హయాంలోనే రూపుదిద్దుకుంది. 1948లో మౌంట్ అబూలో మొదలై, 1975లో హైదరాబాద్‌లోని శివరాంపల్లికి తరలివచ్చిన పోలీస్ అకాడమీ ఆయన పేరునే మోస్తోంది. సర్కారు బలాన్ని ఎదుర్కొన్న మనిషి, ఆ బలాన్ని నిర్మించిన మనిషి ఒక్కరే. పోలీసు చరిత్రను ఒక్క వైపు నుంచే చెప్పలేమనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఢిల్లీలోని చాణక్యపురిలో ఆ చరిత్రకు జాతీయ స్థాయిలో ఒక చోటు దొరికింది 2018 అక్టోబర్ 21న. 1959లో అదే తేదీన లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సేనల కాల్పుల్లో 10 మంది పోలీసులు నేలకొరిగారు. ఆవరణ మధ్యలో 30 అడుగుల నల్ల గ్రానైట్ శిల, బరువు 238 టన్నులు. పక్కన శౌర్య కుడ్యం. స్వాతంత్ర్యం తర్వాత విధి నిర్వహణలో ప్రాణాలు విడిచిన 34,844 మంది పేర్లు ప్రారంభం నాటికే దాని మీద ఉన్నాయి. నేల కింద జాతీయ పోలీస్ మ్యూజియం. గోడ ముందు నిలబడితే ఎవరికైనా గొంతు పెగలదు. ఆ గౌరవం వాళ్లకు దక్కాల్సిందే.

అయితే మ్యూజియం పని నివాళితో ముగిసిపోదు. తెలుగువారికి ఈ విషయంలో ఒక పాత లెక్క ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలు, పోలీసు పని ఒకే యంత్రాంగం చేతుల్లో ఉన్న రోజుల్లో చిత్రహింసలపై ఒక కమిషన్ వేశారు. 1855లో వెలువడిన ఆ నివేదిక వేళ్లను కర్రల మధ్య నొక్కే 'కిట్టి' గురించి చెబుతూ, దాని తెలుగు పేరునూ నమోదు చేసింది: చిరత. భజనలో మోగే చిరతలే అక్కడ రైతు వేళ్లను నలిపాయి. ఆ తర్వాతే 1859లో మద్రాసు పోలీసు చట్టం, 1861లో బ్రిటిష్ ఇండియా పోలీసు చట్టం వచ్చాయి.

జాతీయ మ్యూజియం అన్నాక దాని వెనక ఒక పరిశోధన కేంద్రం నిలవాలి. 1855 నివేదిక, బార్దోలీ జప్తు కాగితాలు, 1977-81 మధ్య పనిచేసిన ధర్మవీర కమిషన్ ఎనిమిది నివేదికలు, పోలీసు సంస్కరణలపై 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రకాశ్ సింగ్ తీర్పు అన్నీ ఒకే కప్పు కింద, అడిగిన పౌరుడికల్లా అందేలా ఉండాలి. పోలీసుల త్యాగాన్ని తక్కువ చేయడానికి కాదు, ఆ త్యాగం మీద జనానికి నమ్మకం నిలవడానికి.

శివరాంపల్లిలో శిక్షణ ముగించుకున్న కుర్ర అధికారి తొలి పోస్టింగ్‌కు వెళ్లేముందు రెండు చూసి వెళ్లాలి. ఒకటి గోడ మీది పేర్లు. రెండోది ఆ చిరత.