బేస్ మోడలా, టాప్ మోడలా?

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్న మా బావమరిది డీజిల్ ఫార్చ్యూనర్ కొనాలనుకుని, "బావగారూ, ఫోర్ బై టూ చాలా, ఫోర్ బై ఫోర్ తీసుకోనా?" అని అడిగాడు.

ముందు తేడా చూద్దామన్నాను. రెండింటిదీ ఒకటే 2.8 లీటర్ల ఇంజను, 204 పీఎస్ శక్తి. ఎయిర్ బ్యాగులు రెండింటిలోనూ 7. తక్కువ రకం కొన్నంత మాత్రాన ఇంట్లోవాళ్ల ప్రాణానికి కాపుదల తగ్గదు. పై రకంలో నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది, బురదలో నిదానంగా లాగే లో గేరు ఉంటుంది. వానాకాలం చెరువు గట్ల మీద అది నిజంగా పనికొస్తుంది. కానీ వాడు గట్టు మీదికి వెళ్లేది మోటార్ సైకిల్ మీదే!

సీటు కవర్లు, స్పీకర్లు తరువాతైనా వేయించుకోవచ్చు, ఫోర్ బై ఫోర్ వేయించుకోలేం. తరువాత చేర్చలేనిదై, మనకు నిజంగా అక్కరైనదైతేనే పై రకం తీసుకోవాలి. ధరతోపాటు లైఫ్ టాక్సు, ఇన్సూరెన్సు, నెల వాయిదా కూడా పెరుగుతాయి. రొయ్య ధర పడిపోయిన నెలలోనూ వాయిదా ఆగదు. గోపురం కట్టేవాడి లెక్క మనకు తెలిసిందే గదా.

మనచేత సంతకం పెట్టిస్తున్నది మన అక్కరా, పదిమంది చూపా? పెన్ను తీసేముందు అడుగుకుందాం.

మా బావమరిది ఫోర్ బై టూ బుక్ చేశాడు. మిగిలిన డబ్బు మేత బాకీకి కట్టాడు.