పెన్షన్ డబ్బు ఎవరి చేతిలో పెట్టాలి?

ఇరవై పాతికేళ్ల కిందట ఉద్యోగాల కోసం బ్రిటన్ వచ్చిన తెలుగువాళ్లలో చాలామంది ఇప్పుడు అరవైకి దగ్గర పడుతున్నారు. పిల్లల చదువులు అయిపోయాయి, ఇంటి అప్పు తీరుతోంది. మేముండే సౌత్ వేల్స్‌లో ఉగాదికో దీపావళికో నలుగురం కలిస్తే మాట పెన్షన్ల మీదికి పోతోంది. ఎంత కూడబెట్టారో ఎవరూ చెప్పరు గానీ, "మీకు ఎవరు చూస్తున్నారు?" అని మాత్రం అడుగుతారు. జవాబుగా ఒక పేరు వస్తుంది. ఆయన ఎవరికో బావమరిది అవుతాడు, లేదంటే ఫలానా డాక్టరు గారి వ్యవహారాలు చూసిపెట్టాడు. అంతటితో నమ్మకం కుదిరిపోతుంది. ఆ సలహాదారుకు డబ్బు ఎక్కడినుంచి వస్తోందని అడిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

ఈ దేశంలో 2015 దాకా చాలామందికి ఇందులో ఎంచుకునేది పెద్దగా ఉండేది కాదు. ఉద్యోగకాలంలో జమ అయిన నిధిలో నాలుగో వంతు పన్ను లేకుండా తీసుకుని, మిగతాదాంతో యాన్యుటీ కొనేవారు. బీమా కంపెనీకి సొమ్ము అప్పగిస్తే బతికున్నంతకాలం నెలనెలా ఇంతని ఇస్తుంది. 2014 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ ఈ పద్ధతి మారుస్తామన్నారు. 2015 ఏప్రిల్ నుంచి 55 ఏళ్లు నిండినవాళ్లు తమ నిధిని ఒకేసారి తీసుకోవచ్చు, పెట్టుబడిలోనే ఉంచి డ్రాడౌన్ పద్ధతిలో కావలసినప్పుడల్లా తీసుకోవచ్చు, యాన్యుటీ కొనుక్కోనూవచ్చు. 2028 ఏప్రిల్ నుంచి ఆ వయసు 57 అవుతుంది. స్వేచ్ఛ మంచిదే. కానీ మిగిలిన బతుకంతటికీ సరిపోయే లెక్క మనమే వేసుకోవాల్సిన బరువూ దాంతోపాటే నెత్తిన పడింది.

ఆ బరువు ఎలాంటిదో పోర్ట్ టాల్బట్ చూపించింది. అక్కడి ఉక్కు కర్మాగారం మా ఇంటికి దగ్గరే. 2007లో టాటాలు దాన్ని నడిపే కోరస్ కంపెనీని కొన్నప్పటి నుంచి మనవాళ్లకూ తెలిసిన చోటే. 2017లో అక్కడి కార్మికులూ సభ్యులుగా ఉన్న బ్రిటిష్ స్టీల్ పెన్షన్ పథకాన్ని టాటా నుంచి విడదీశారు. సభ్యులు ఏదో ఒక దారి ఎంచుకోవాలి. కొత్త పథకంలోకి మారవచ్చు, పెన్షన్ రక్షణ నిధి కిందికి వెళ్లవచ్చు, లేదా తమ పెన్షన్‌కు విలువ కట్టించుకుని ఆ సొమ్ముతో బయటికి పోవచ్చు. గడువు ముంచుకొస్తోంది, కంపెనీ మీద నమ్మకం సడలింది. ఆ సందులో సలహాదారులు దిగారు, వాళ్లకు మనుషుల్ని తెచ్చిపెట్టే దళారులూ దిగారు. కార్మికులను పిలిచి భోజనాలు పెట్టి మరీ మాట్లాడారు. సుమారు 8 వేల మంది జీవితాంతం ఖాయంగా వచ్చే పెన్షన్ వదులుకుని బయటికి వచ్చారు. అలా బయటికి వచ్చిన సొమ్ము సుమారు 280 కోట్ల పౌండ్లు. ఆ తర్వాత ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ పరిశీలించిన సలహాల్లో 46 శాతం ఆ మనుషులకు సరిపడనివని తేలింది. 2023లో నష్టపరిహార పథకమే పెట్టాల్సి వచ్చింది.

ఇంత అనర్థానికి పెద్ద కారణం ఫీజు కట్టే పద్ధతి. పెన్షన్ బయటికి తీయిస్తేనే సలహాదారుకు డబ్బు వచ్చేది. "ఉన్నచోటే ఉంచుకోండి" అని చెప్పి పంపిస్తే పైసా వచ్చేది కాదు. అలాంటి ఫీజును ఈ తరహా బదిలీలకు 2020 అక్టోబరు నుంచి దాదాపుగా నిషేధించారు. అప్పటికే చాలామంది సంతకాలు పెట్టేశారు.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఆంధ్రలో డిపాజిట్లు కట్టించుకుని మునిగిన అగ్రిగోల్డ్ కంపెనీ మనసులో మెదులుతుంది. అక్కడ డిపాజిట్లు కట్టించుకున్న ఏజెంట్లు ఎక్కడివాళ్లో కాదు, ఊళ్లోవాళ్లు, చుట్టాలు. కంపెనీని వాళ్లూ నమ్మారు. లక్షల కుటుంబాలు మునిగాయి. తెలిసిన మనిషి అబద్ధమాడడని మనం అనుకోవడం సరే, ఆయనకు తెలిసిందెంత అన్నది కూడా చూసుకోవాలి కదా.

మా ఆయనకు రెండు రకాల పెన్షన్లున్నాయి. మొదటి కంపెనీ జీతాన్నీ సర్వీసునూ బట్టి జీవితాంతం ఇచ్చేది ఒకటి, తర్వాతి ఉద్యోగాల్లో జమ అయిన నిధి ఇంకొకటి. స్నేహితులు చెప్పగా ఒక తెలుగు సలహాదారు ఇంటికి వచ్చాడు. "అక్కా, మీరేం టెన్షన్ పడకండి. బావగారి పెన్షన్లన్నీ ఒకచోటికి తెచ్చేద్దాం, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. ఫీజు ఎంతని అడిగితే, "ఒక్క శాతమే అక్కా. అదీ నిధిలోంచే పోతుంది, మీరు జేబులోంచి తీసేదేం లేదు" అన్నాడు. మూడు లక్షల పౌండ్ల నిధిలో ఒక్క శాతమంటే ఏడాదికి మూడు వేలు. నిధి పెరగకుండా తరక్కుండా ఉందనుకున్నా ఇరవై ఏళ్లలో 60 వేల పౌండ్లు. అది మా జేబు కాకపోతే మరెవరిది? ఇంకా అడగ్గా ఆయన ఇండిపెండెంట్ సలహాదారు కాదని, రిస్ట్రిక్టెడ్ అని, అంటే తన సంస్థ ఎంచిన పథకాలే చెప్పగలడని తెలిసింది. రిస్ట్రిక్టెడ్ కావడం తప్పు కాదు, మేం అడిగేదాకా చెప్పకపోవడం తప్పు.

తర్వాత కార్డిఫ్‌లో మరో సలహాదారును, ఒకావిడను కలిశాం. ఫోన్లోనే, ముందు పెన్షన్ వైజ్‌కు వెళ్లి రమ్మన్నది. యాభై దాటి, ఇలా జమ అయిన నిధి ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా ఏర్పాటు చేసిన మార్గదర్శనం అది. ఫలానాది కొనమని చెప్పరు గానీ ఉన్న దారులన్నీ విడమరిచి చెబుతారు. ఆ తర్వాత ఆవిడ తన ఫీజు శాతాల్లో కాకుండా పౌండ్లలో కాగితం మీద రాసిచ్చింది. మా ఆయన మందుల జాబితా అడిగింది. షుగరు, బీపీ ఉన్నవాళ్లకు కొన్ని కంపెనీలు యాన్యుటీ ఎక్కువిస్తాయట. మన ఇళ్లలో షుగరు లేని ఇల్లు ఎన్ని? ఆ మొదటాయన ఈ మాటే ఎత్తలేదు. ఆవిడ నావైపు తిరిగి, "ఆయన తర్వాత మీకు నెలకు ఎంత కావాలి?" అని అడిగింది. మా పెళ్లయినప్పటి నుంచి ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, మేమిద్దరమూ మాట్లాడుకోలేదు. ఒక్కరి పేరున యాన్యుటీ కొంటే ఆ మనిషితోనే ఆగిపోతుంది. భార్యకూ వచ్చేలా కొంటే నెలసరి కొంత తగ్గుతుంది. ఆ తగ్గింపు నా జీవితం ఖరీదు. అందుకే ఆ గదిలో నేను కూర్చోవాలి.

తిరిగి ఇండియా వెళ్తారా అని కూడా ఆవిడే అడిగింది. ఇండియాలో స్థిరపడితే బ్రిటన్ స్టేట్ పెన్షన్ ఏటా పెరగదు, అక్కడున్నంతకాలం ఒకే అంకె దగ్గర ఆగిపోతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చివరిరోజులు గడపాలనుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మా ఆయన పాత కంపెనీ పెన్షన్ గురించి మాత్రం, "దాన్ని కదపకండి" అన్నది. అలాంటి పెన్షన్ విలువ 30 వేల పౌండ్లు దాటితే, సలహా తీసుకోకుండా బయటికి తీయడానికి చట్టం ఒప్పుకోదు. ఎన్‌హెచ్‌ఎస్ డాక్టర్ల పెన్షన్‌నైతే జమ అయ్యే రకం నిధిలోకి మార్చడమే 2015 నుంచి కుదరదు. మారుస్తానని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపేయండి.

ఎఫ్‌సీఏ రిజిస్టర్లో సంస్థ పేరు చూసుకోవడం తప్పనిసరి. అయితే అక్కడ పేరుంటే చాలనుకోకండి, పోర్ట్ టాల్బట్‌లో తప్పుడు సలహాలిచ్చిన సంస్థలూ అనుమతి ఉన్నవే. అనుమతి ఉన్న సంస్థ తప్పు చేస్తే ఆర్థిక ఆంబుడ్స్‌మన్ దగ్గరికి ఖర్చు లేకుండా వెళ్లవచ్చు. ఆ సంస్థ దివాలా తీస్తే ఆర్థిక సేవల పరిహార పథకం 85 వేల పౌండ్ల దాకా ఆదుకుంటుంది. అనుమతి లేనివాడి దగ్గర మోసపోతే ఈ రెండు దారులూ సాధారణంగా మూసుకుపోతాయి. మనం అడక్కుండా పెన్షన్ గురించి ఫోన్ చేసి అమ్మజూపడం 2019 జనవరి నుంచి ఇక్కడ నిషిద్ధం. అలాంటి ఫోనొస్తే పెట్టేయండి.

అన్నయ్యలూ, సలహాదారు దగ్గరికి వెళ్లేటప్పుడు వదినగారిని తీసుకెళ్లండి. వదినలూ, మనకెందుకులే అనుకోకండి. ఏడాదికి ఎంత తీసుకుంటారో పౌండ్లలో రాసివ్వమని అడగండి. రాసివ్వడానికి వెనకాడే మనిషికి, ఎంత కావలసినవాడైనా సరే, మీ పెన్షన్ అప్పగించకండి.