పదిమీటర్ల తాటిచెట్టు లెక్క

శామీర్‌పేట నుంచి మేడ్చల్ వైపు వెళ్తుంటే, ప్లాట్ల హద్దురాళ్ల నడుమ ఇంకా అక్కడక్కడా తాటిచెట్లు కనిపిస్తాయి. వాటిని పొద్దున్నే ఎక్కి దిగే ఓ గీత కార్మికుడి కొడుకు తొమ్మిదో తరగతి. ఆరోజు బళ్లో ఇచ్చిన లెక్క ఇదీ: 60 కిలోల వస్తువు 10 మీటర్ల ఎత్తు నుంచి పడితే, నేలను తాకే క్షణంలో దాని ద్రవ్యవేగం ఎంత?

పిల్లాడు తడుముకోకుండా 60ని 9.8తో గుణించి 588 అని రాశాడు. సారు ఎర్రసిరాతో కొట్టేశారు. చాలామంది చేసే తప్పే లెండి. 588 న్యూటన్లనేది బరువు. కదలకుండా కూర్చున్నా అది ఉంటుంది. ద్రవ్యవేగం కావాలంటే ద్రవ్యరాశిని వేగంతో గుణించాలి.

రాత్రి మళ్లీ నోట్సు తెరిచాడు. ఎదురుగా గోడకు మోకు వేలాడుతోంది. 60 కిలోలంటే దాదాపు నాయినే. 10 మీటర్లంటే దాదాపు ఆ చెట్టే. 'వస్తువు' పోయి, నాయిన వచ్చాడు లెక్కలోకి.

పైన లొట్టి కడుతున్నప్పుడు నాయిన ద్రవ్యవేగం సున్న. మోకు తెగితే? 9.8కి రెట్టింపు చేసి 10తో గుణిస్తే 196. వర్గమూలం 14. గాలి నిరోధాన్ని వదిలేస్తే సెకనుకు 14 మీటర్లు, అంటే గంటకు 50 కిలోమీటర్లు. దాన్ని 60తో గుణిస్తే 840.

అసలు ప్రమాదం ఆ 840 ఎంతసేపట్లో సున్న అవుతుందన్న దాంట్లో ఉంది. గట్టినేల మీద సెకనులో ఇరవయ్యో వంతులో ఆగిందనుకోండి, ఒంటి మీద పడే బలం బరువుకు దాదాపు 30 రెట్లు! అదే నడుముకు పట్టీ ఉండి, అర మీటరు జారేలోపే తాడు పట్టేస్తే వేగం 3.1 మీటర్లు దాటదు. ద్రవ్యవేగం 188. తాడు కాస్త సాగితే ఆ కుదుపు ఇంకా తగ్గుతుంది. గీత కార్మికుల కోసం 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన కాటమయ్య రక్ష కిట్ల వెనకున్నదీ ఈ లెక్కే.

అలాంటి పట్టీ ఒకటి ఆ ఇంట్లోనూ ఉంది, చిలక్కొయ్యకు.

"గది కట్టుకుంటే పని సాగది బిడ్డా. తాతల కాలం నుంచి మోకుతోనే ఎక్కుతున్నం" అన్నాడు నాయిన.

కొడుకు మాట్లాడలేదు. 840, 188 ఒకదాని కిందొకటి రాసి చూపించాడు. "పైది నేల మీద పడితె. కిందిది పట్టీ ఉంటె."

నాయిన కాసేపు చూశాడు. "రేపు ఎక్కేది ఇంకా పొడుగు చెట్టు. పదిహేను మీటర్లుంటది."

మళ్లీ పెన్ను కదిలింది. 1,029.

"ఏదీ, గా పట్టీ ఇటియ్యి" అన్నాడు నాయిన. "ఈ బకిలు ఎటు దిక్కు పెట్టాలె?"