అక్షరక్రమము

డిగ్రీ చివరి సంవత్సరంలో మా నలుగురికి కళాశాల గ్రంథాలయానికి ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసే పని అప్పగించారు. వాడబోయేవారి అవసరాలను సేకరించడమే ఇటువంటి పనికి మొదటి మెట్టని చదివి, పరీక్షలో వ్రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నవాళ్ళము. కనుక గ్రంథపాలకుల వద్దకు వెళ్ళి, "సార్, మీకేమి కావాలి?" అని అడిగాము. "ఈ రిజిస్టరు ఎలా ఉందో అలా ఉంటే చాలు నాయనా" అన్నారాయన. పది నిమిషాలలో మా సేకరణ ముగిసింది. ఆ రిజిస్టరును తెరచి చూడాలని ఒక్కరికీ తోచలేదు.

రెండు నెలలు శ్రమించాము. ఉర్దూ పుస్తకాల పేర్లు తెరమీద కుడినుండి ఎడమకు ముచ్చటగా కనిపించాయి. మాలో ఇద్దరికి ఉర్దూ రాదు. వచ్చిన ఇద్దరమూ జాబితాను చివరిదాకా చదువలేదు.

ప్రారంభించిన వారానికే ఉర్దూ మాధ్యమ విద్యార్థిని ఒకామె, పరీక్ష నాలుగు రోజులుందనగా, 'పే' అక్షరంతో మొదలయ్యే పుస్తకం కోసం వచ్చింది. తెరమీద 'బే' తరువాత 'తే' ఉన్నది. నడుమ 'పే' లేదు. పుస్తకం లేదనుకొని వెళ్ళిపోయింది. అది వెనుక బీరువాలోనే ఉన్నది.

యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. అరబ్బీ అక్షరాలు ముందుగా వరుసలో నిలిచాయి. అరబ్బీలో లేని పే, టే, చే, గాఫ్ వంటివి ఆ తరువాత చేరాయి. మేము ఆ సంఖ్యల ప్రకారమే పేర్చాము గనుక 'పే' పుస్తకాలన్నీ 'వావ్' దాటి పోయాయి. రిజిస్టరులోనో, అలిఫ్, బే, పే అని అక్షరానికొక భాగం, ఆయన చేతివ్రాతలోనే ఉన్నది. ఆయనకది వేరుగా చెప్పవలసిన సంగతే కాదు. అడుగవలసినవాళ్ళము మేము.

ఏమి నిర్మించాలో తేల్చుకోవడమే సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా కష్టమని ఫ్రెడ్ బ్రూక్స్ 1987లో ప్రకటించిన వ్యాసంలో అన్నారు. తరగతిలో విన్నప్పుడు మాకది అతిశయోక్తిగా తోచింది.

అటుపై ఒక నోటుపుస్తకం పెట్టాము. ఎవరు అడిగారు, ఏనాడు, ఎందుకు అని ప్రతి కోరికకూ మూడు గడులు. మొదటి పుటలో రెండు కోరికలున్నాయి: తెరమీద కళాశాల భవనం ఫోటో ఉండాలని కమిటీ పెద్దలది, అక్షరక్రమం సరిచేయమని గ్రంథపాలకులది. ఫోటో ఆ సాయంత్రమే పెట్టేశాము. ఎందుకనే గడి మాత్రం, ఏమి వ్రాయాలో తోచక, ఖాళీగా వదిలాము.

ఉర్దూ వర్ణక్రమానికి వేరే పట్టిక కట్టి సరిచేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ విద్యార్థినికి కబురు పంపేసరికి ఆమె పరీక్ష ముగిసింది.