ఒక ఫేజు పోయింది

"మీ తమ్ముడు మా పంపు మార్చేశాడండీ. మంచిది తీసుకుపోయి డూప్లికేట్ పెట్టాడు. రెండు చేపలు చచ్చిపోయినయ్. మీరు చదువుకున్నవాళ్లు, జర్నలిస్టు కాబట్టి ముందు మీకు చెబుతున్నా. లేకపోతే ఎక్కడ చెప్పాలో అక్కడే చెప్పేవాణ్ణి."

పొద్దున్నే ఫోను. రాత్రంతా డెస్కులో తెలుగు వార్తల్ని ఉర్దూలోకి దించి, ఇంటికొచ్చి అప్పుడే కన్ను మూశాను. ఫోన్ చేసినాయన పేరు తెలియదు. ఏ తమ్ముడి గురించి అంటున్నాడో మాత్రం తెలుసు. నాకున్నది ఒక్కడే తమ్ముడు.

వాడి పని అక్వేరియం పంపులు బాగుచేయడం. పెద్దపెద్ద అపార్టుమెంట్లలో ఉప్పునీటి ట్యాంకులు పెట్టుకున్న ఇళ్లకు వెళ్లి చూసొస్తాడు. ఆ ఇళ్లలో వాడి పేరు రాజు. అది అమ్మీ అబ్బా పెట్టిన పేరు కాదు, వాడే పెట్టుకున్నాడు. 'పూర్తి పేరు చెబితే గేటు దగ్గరే పది ప్రశ్నలు భాయ్, రాజు అంటే లిఫ్టు ఎక్కడమే' అనేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. నా పేరు పత్రికలో అచ్చవుతుంది కదా, నాకేం?

మాది నల్లగొండ జిల్లా. అబ్బాకు మోటారు వైండింగ్ షాపు ఉండేది. 1990ల్లో బోర్లు, బావుల మీద బతికే ఊళ్లు మావి. రాత్రిపూట వచ్చే కరెంటు, అదీ లో వోల్టేజి. కాలిపోయిన మోటార్లను రైతులు బండ్ల మీద వేసుకొచ్చి మా గడపలో దించేవాళ్లు. 'సాయబూ, పొలం ఎండుతున్నది, రేపటికల్లా చుట్టియ్యాలె' అని కూర్చునేవాళ్లు. కొందరు మామా అనేవాళ్లు, కొందరు బావా అనేవాళ్లు. అబ్బా వాళ్లతో తెలుగు మాట్లాడి, లెక్క ఉర్దూలో రాసుకునేవాడు. ఆ లెక్కలో మోసం ఉందని ఒక్క రైతు అనడం నేను వినలేదు. చదవడం రాని లిపిలో రాసిన లెక్కను నమ్మి పైసలిచ్చిపోయేవాళ్లు.

మా ఇద్దరి బడులు వేరు. ఇంటి పక్కనే ఉందని నన్ను తెలుగు మీడియంలో వేశారు. ఒక్కడికన్నా మన జబాన్ రాయడం చదవడం రావాలని అమ్మీ పట్టుబట్టి తమ్ముణ్ణి ఉర్దూ మీడియంలో వేసింది. నేను బీయే దాకా పోయి, ఉర్దూ కూడా నేర్చుకుని రెండు భాషల మీద బతుకుతున్నాను. వాడు పదో తరగతితో ఆగి అబ్బా పక్కన కూర్చున్నాడు. తెలుగు నాకంటే తియ్యగా మాట్లాడతాడు కానీ ఒక్క అక్షరం రాయలేడు. అందుకే వాడి గిరాకీలకు నా నంబరు కూడా ఇచ్చి పెట్టాడు. వాళ్లు తెలుగులో పంపే మెసేజీలు నేను చదివి వాడికి చెప్పేవాణ్ణి. ఎవరైనా మీ తమ్ముడేం చేస్తాడంటే మాత్రం 'మెరైన్ లైన్‌లో ఉన్నాడు' అనేవాణ్ణి. మెకానిక్ అనడానికి నాకు నామోషీ. ముస్లిం అంటే పంక్చరు, వెల్డింగు, మెకానిక్కు అని ఎవరో అంటారని ముందే నేనే దాచేసేవాణ్ణి.

ఆరోజు వాణ్ణి బండి ఎక్కించుకుని బయల్దేరాను. దారిలో నేనడిగిన మొదటి మాట: "నిజం చెప్పు, మార్చినవా?"

వాడు ఏమీ అనలేదు. సంచీ ఒళ్లో పెట్టుకుని అటు చూశాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ 'రాజు' అని రాసుకుని, పక్కన 'ప్లస్ ఒకటి' అని వేశాడు. ఆ ఒకటి నేను. నా పేరు అడగలేదు, నేను చెప్పలేదు.

ఉప్పునీటి ట్యాంకంటే మామూలు రంగుచేపల గాజుపెట్టె కాదు. శుద్ధి చేసిన నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాముల సముద్రపు ఉప్పు పడేట్టు కలిపి, సముద్రంలేని ఊళ్లో సముద్రం తయారు చేసుకోవాలి. పైన ట్యాంకు, కింద కబోర్డులో సంపు. పైన పొంగిన నీళ్లు పైపులో కిందికి దిగి వడపోతలు దాటి వస్తే, పంపు మళ్లీ పైకి ఎక్కిస్తుంది. ఇరవై నాలుగు గంటలూ అదే పని. పంపు ఆగితే నీళ్లు కదలవు. ఉప్పునీళ్లలో కరిగే ప్రాణవాయువు మంచినీళ్లలో కంటే తక్కువ. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

మేం పోయేసరికి మిగిలిన చేపలు అట్లాగే ఉన్నాయి. ఇంటాయన నన్ను 'రండి, కూర్చోండి' అన్నాడు. వాడితో 'ఏం చేసినవో నువ్వే చూడు' అన్నాడు. ఒకే తల్లి పిల్లలం, ఒకే గడప దాటాం. ఒకరికి 'మీరు', ఒకరికి 'నువ్వు'.

నేను ఉర్దూలో మెల్లగా అన్నాను, "పంపు మీద నంబరుంటుంది గదా, డబ్బా తెప్పించి నంబరు కలిపి చూపెట్టు. ఒక్క నిమిషంలో తేలిపోతుంది."

"పహ్లే మఛ్లీ" అన్నాడు వాడు. ముందు చేపలు. సంచీలోంచి బ్యాటరీతో నడిచే గాలి పంపు తీసి ట్యాంకులో వేశాడు. బుడగలు లేచాయి. తర్వాత నా వైపు తిరిగి, "నంబరు కలిస్తే నేను బచాయిస్తా భాయ్. పంపు తిరగదు గదా" అన్నాడు.

ఆ తర్వాత వాడు చేసింది నేను పక్కన కూర్చుని చూశాను. నలభై దాటిన వయసులో, నా తమ్ముడి పనిని మొదటిసారి చూశాను.

నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకాడు. సంపులో నీటి మట్టం చూశాడు. నీళ్లు ఆవిరై మట్టం తగ్గితే పంపు గాలి పీల్చి బుసకొడుతుంది, కొన్ని తమంత తామే ఆగిపోతాయి. మట్టం సరిగ్గా ఉంది. తర్వాత వేగం ఎంతలో పెట్టారని అడిగాడు. ఈ కొత్త పంపుల వేగం మన చేతిలో ఉంటుంది. కరెంటు కలిసొస్తుందని కొందరు బాగా తగ్గించేస్తారు. వేగం సగమైతే నీరు ఎక్కే ఎత్తు సగం కాదు, నాలుగో వంతే. పంపు తిరుగుతూనే ఉంటుంది, పైకి చుక్క రాదు. పాడైందనుకుంటారు. ఇక్కడ వేగం ఎవరూ ముట్టుకోలేదు.

అడాప్టర్ కొసకు మీటరు పెట్టాడు. 24 వోల్టులు వస్తున్నాయి. అక్కణ్ణుంచి కంట్రోలర్ ఆ కరెంటును మూడు ఫేజులు చేసి మూడు తీగల్లో మోటారుకు పంపుతుంది. లోపల బ్రష్షులుండవు. అయస్కాంతపు రోటరు సిరామిక్ షాఫ్టు మీద తిరుగుతుంది. చుట్టూ ఉన్న నీళ్లే దాన్ని చల్లబరుస్తాయి.

పంపు బయటికి తీసి విప్పాడు. పగడాలు పెంచే ట్యాంకుల్లో కాల్షియం ఎక్కువ. మోటారు వేడికి అది సున్నంలా పేరుకుని రోటరును పట్టేస్తుంది. అట్లా అయితే సగం సిర్కా, సగం నీళ్లలో రెండు గంటలు నానబెడితే బుసబుస పొంగి కరిగిపోతుంది. మన వంటింట్లో ఊరగాయల సిర్కానే. గోకితే మాత్రం షాఫ్టు విరుగుతుంది. రెండు నెలల కింద వాడే కడిగిన పంపు కాబట్టి పెద్దగా సున్నం లేదు. షాఫ్టు విరగలేదు, అయస్కాంతం ఉబ్బలేదు.

తిరిగి బిగించి, ట్యాంకు నీళ్లు పోసిన బకెట్లో పెట్టి ప్లగ్గు వేశాడు. పంపు ఒక్కసారి అదిరింది. ఆగింది. మళ్లీ అదిరింది, ఆగింది. ఎర్ర లైటు వెలిగింది. వెంట తెచ్చిన వేరే కంట్రోలరుకు కలిపితే అదే అదురు. అంటే తప్పు కంట్రోలరులో లేదు.

వాడు కళ్లు మూసుకుని చెయ్యి పంపు మీద పెట్టాడు. "ఏక్ ఫేజ్ గయా భాయ్" అన్నాడు.

నాకు అబ్బా షాపు గుర్తొచ్చింది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు మూలుగుతుంది, తిరగదు, చూస్తుండగానే కాలిపోతుంది. రైతు ఇంకా బండి దించకముందే 'ఎట్ల మూలిగింది?' అని అడిగేవాడు అబ్బా. వైండింగ్ విప్పకముందే ఆ మాటతో సగం రోగం పట్టేవాడు. వాడు పక్కన కూర్చుని అదంతా వింటున్నప్పుడు నేను లోపల వ్యాకరణం బట్టీ పడుతున్నాను.

మీటరుతో పంపు ప్లగ్గు మూడు సూదులనూ జతలు జతలుగా చూశాడు. ఒక జతలోనే రీడింగు వచ్చింది. రెండు జతల్లో లేదు. ప్లగ్గుకు ఇవతల తీగ పొర కొద్దిగా చీల్చి చూస్తే మూడు జతలూ సమానం. మోటారు బంగారంలా ఉంది. ప్లగ్గు విప్పి వెలుతురులో పట్టాడు. మూడు సూదుల్లో ఒకటి పచ్చగా చిలుము పట్టి సగం తినేసి ఉంది.

ఉప్పునీళ్లు అక్కడిదాకా ఎట్లా పోయాయి? తీగను ప్లగ్గు కంటే కిందికి వేలాడేట్టు ఒక వంపు వదలాలి. తీగ వెంట జారే చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. రెండు నెలల కింద వాడు ఆ వంపు పెట్టే వెళ్లాడు. మధ్యలో కబోర్డు తలుపు బాగుచేయడానికి వడ్రంగి వచ్చాడట. అడ్డంగా ఉందని తీగను లాగి, చక్కగా సర్ది, మేకుకు కట్టాడు. చుక్కలన్నీ నేరుగా ప్లగ్గులోకి.

పాడైన కొస కత్తిరించి కొత్త ప్లగ్గు వేసి, టంకం పెట్టి, నీరు దిగకుండా గొట్టం తొడిగాడు. వంపు వదిలి క్లిప్పు పెట్టాడు. పంపు తిరిగింది. చప్పుడు కూడా లేదు, పైన నీళ్లు మాత్రం కదిలాయి. అప్పుడన్నాడు ఇంటాయనతో, "సార్, డబ్బా తెప్పియ్యండి. నంబరు కూడ చూస్కోండి."

నంబరు కలిసింది.

ఇంటాయన కాసేపు ట్యాంకు వైపు చూసి, 'సరేలే, ఏమనుకోకు' అన్నాడు. రెండొందలు ఎక్కువ ఇవ్వబోతే వాడు తీసుకోలేదు. తర్వాత ఆయన నాతో, 'మీ తెలుగు చాలా బావుందండీ. మీరు ముస్లిం అంటే ఎవరూ నమ్మరు' అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. ఈ మాట నాకు చాలామంది అన్నారు. తెలుగు గడ్డ మీద పుట్టి తెలుగు మాట్లాడితే ఇది మెచ్చుకోలు ఎట్లా అవుతుందని ఏ ఒక్కరినీ అడగలేదు. ఆరోజూ అడగలేదు. థ్యాంక్సండీ అన్నాను.

కింద ఇరానీ చాయ్ తాగుతూ, "ఎంత మాటన్నాడురా వాడు" అని నేను మొదలుపెట్టాను.

"ఆయనదేం ఉంది భాయ్, ఆయన పరాయోడు" అన్నాడు తమ్ముడు. "నువ్వు గూడ గదే అడిగినవ్ గదా."

చాయ్ గొంతు దిగలేదు.

2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. అక్కడా, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లోనూ జనం చనిపోయారు. చనిపోయింది ముస్లింలు, అనుమానం మీద పట్టుకుపోయిందీ ముస్లిం పిల్లల్నే. వాళ్లమీద పెట్టిన కేసులు కోర్టుల్లో నిలవలేదు. అప్పుడు నేను కొత్త రిపోర్టర్ని. స్టేషను ముందు నిలబడ్డ ఒక తల్లిని నేనడిగిన మొదటి ప్రశ్న, "మీ అబ్బాయి ఏం చేశాడమ్మా?" అసలు ఏమైనా చేశాడా అని కాదు, ఏం చేశాడు అని. ఆమె నా పేరు అడిగింది. చెప్పాను. మళ్లీ నాతో మాట్లాడలేదు.

ఇన్నేళ్లకు అదే ప్రశ్న నా తమ్ముణ్ణి అడిగాను. మావాణ్ణి చూసి ఇతరులు ఏమనుకుంటారో అని భయపడీ భయపడీ, వాళ్లకంటే ముందు నేనే అనుకోవడం నేర్చుకున్నాను. తప్పు ఎక్కడుందో వెతకడం ఒక పని. తప్పు ఎవడిదో ముందే తేల్చుకోవడం ఇంకో పని. పంపు దగ్గర నా తమ్ముడు మొదటిది చేశాడు. బీయే చదివి, రెండు భాషలు నేర్చి, నేను చేసింది రెండోది.

"మాఫ్ కర్ రే" అన్నాను.

"మాఫీ నక్కో. ఒక పనిజెయ్. తప్పు నాది గూడ ఉన్నది. తీగ లాగొద్దని నేను ఎవరికీ రాసియ్యలే. రాయొస్తే గదా" అన్నాడు.

ఆ రాత్రి ఒక కార్డు రాశాను. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఉర్దూ. ముందు ప్లగ్గు తీయండి. నీటి మట్టం చూడండి. వేగం మరీ తగ్గించకండి. ఈ తీగ వంపును లాగకండి. మూడు నెలలకోసారి సిర్కాలో కడిగించండి. పంపు అదిరి ఆగితే మళ్లీమళ్లీ వేయకండి, ఫోన్ చేయండి. కింద రాజు అని రాయబోతుంటే వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"పూర్తి పేరు రాయి భాయ్. అబ్బా పేరుతో సహా."

రెండు లిపుల్లోనూ రాశాను. తెలుగులో తన పేరు ఎట్లా ఉంటుందో వాడు చాలాసేపు చూశాడు. ఆ అక్షరాలను దిద్దుకుంటూ కూర్చున్నాడు. ఇప్పుడు గేట్ల దగ్గర రిజిస్టరులో తన పేరు తనే రాస్తున్నాడు.

కార్డులు వేలాడదీసిన తర్వాత రెండు ఇళ్లవాళ్లు మళ్లీ పిలవలేదు. కారణం వాళ్లు చెప్పలేదు, వాడు అడగలేదు. మిగతా ఇళ్లలో పంపులు తిరుగుతున్నాయి.

నన్నెవరైనా మీ తమ్ముడేం చేస్తాడంటే, మెకానిక్ అని చెబుతున్నాను.