ఇరుంగాట్టుకోట్టైలో నలభై ప్రదక్షిణలు

నెల్లూరువాళ్ళకు మద్రాసు పోయే కలకత్తా రోడ్డు ఇంటి వసారా లాంటిది. మద్రాసు దాటి పడమటికి పోయే బెంగుళూరు రోడ్డుతో మాత్రం అంత చనువు లేదు. పూనమల్లి దాటాక వచ్చే శ్రీపెరుంబుదూరు పేరు వినగానే మనకు తట్టేవి రెండు. ఒకటి, 1017లో రామానుజాచార్యులవారు అక్కడ అవతరించడం. రెండోది, 1991 మే 21 రాత్రి రాజీవ్ గాంధీ అక్కడ హత్యకు గురికావడం. ఆ ఊరికి కొంచెం ఇవతల, ఇరుంగాట్టుకోట్టైలో, రోడ్డు పక్కనే మూడో విశేషం ఒకటి ఉంది. బస్సులో పోయేవాళ్ళు అది కార్ల ఫ్యాక్టరీ తాలూకు ఖాళీ స్థలం కాబోలు అనుకుంటారు. ఫ్యాక్టరీ ఉన్నమాటా నిజమే. కాని నేను చెప్పేది కార్లు తయారుచేసే చోటు కాదు, కార్లను అరగదీసే చోటు.

దాన్ని మద్రాసు మోటార్ రేస్ ట్రాక్ అనేవారు, ఈమధ్య మద్రాసు ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. 1953లో పుట్టిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు కట్టించుకున్న బాట ఇది. 1990లో వాడకంలోకి వచ్చింది. చుట్టుకొలత 3.7 కిలోమీటర్ల పైచిలుకు, మలుపులు పన్నెండు. అంతకుముందు పందేలన్నీ షోలవరంలో జరిగేవి. అది మన దారిలోదే. రెడ్‌హిల్సు దాటాక, రెండో ప్రపంచయుద్ధ కాలంలో విమానాలకోసం పరచిన బాట. మా నాన్నగారు 1970 ప్రాంతాల్లో స్నేహితులతో కలిసి నెల్లూరు నుంచి బస్సెక్కి ఆ పందేలు చూసివచ్చారట. ఏ కారు గెలిచిందో ఆయనకు జ్ఞాపకం లేదు, ఎండ మాత్రం జ్ఞాపకం. హైదరాబాదువారికి 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం చూసే యోగం పట్టింది. మరుసటి ఏడు జరగలేదు. అందువల్ల ఆ సరదా ఉన్న తెలుగువాడికి ఇప్పటికీ అరవదేశమే గతి.

మా మేనల్లుడికి ఆ సరదా ఉంది. ఇంట్లో చిన్నా అంటాం, వయసు ముప్పై ఒకటి. జర్మనీలో మూడేళ్ళు ఉద్యోగం చేసి మద్రాసు తిరిగివచ్చాడు. వస్తూ చాలామంది పిల్లలు వెనకేసుకొచ్చినట్టే వీడూ కాస్త వెనకేశాడు. మా బావగారు బ్యాంకులో రిటైరైన మనిషి, తిరువళ్ళూరు వైపు ప్లాటు ఒకటి చూసిపెట్టారు. వీడు ఆ డబ్బు పెట్టి పన్నెండేళ్ళ పాత పోర్షే కేమన్ ఒకటి కొన్నాడు. కూర్చునేది ఇద్దరే. ఇంజను సీట్ల వెనకాల ఉంటుంది. మా అక్కయ్య దాన్ని మొదటిసారి చూసి, “పెళ్ళయ్యాక పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతావురా?” అంది. అప్పటినుంచి ప్రతి సంబంధంలోనూ ఆ కారు ప్రస్తావన వస్తూనే ఉంది. పోనీ ఊళ్ళో తిరగడానికా అంటే కాదు, నెలా రెండునెలలకోసారి ఇరుంగాట్టుకోట్టైకి పట్టుకుపోతాడు. అక్కడ పందేలు లేని రోజుల్లో ఏదో ఒక బృందం బాటను అద్దెకు తీసుకుని, రుసుము కట్టినవాళ్ళను వాళ్ళ వాళ్ళ కార్లతో తిరగనిస్తుంది. గెలుపూ ఓటమీ ఏమీ ఉండవు. ఉత్తినే తిరగడం!

“నువ్వైనా ఒకసారి వెళ్ళి చూడరా, వాడు చేసేది మంచిదో చెడ్డదో నువ్వు చెప్తే నమ్ముతాను” అంది అక్కయ్య. సెలవుల్లో ఉన్నాను, బయల్దేరాను. ఆదివారం కావడంతో అక్కయ్యా బావగారూ వేరే కారులో శ్రీపెరుంబుదూరు గుడికి బయల్దేరారు.

తెల్లవారుజామున అయిదింటికి ఆ కారులో కూర్చోవడమే ఒక విద్య. నేలకు జానెడెత్తున ఉంటుంది, ముందు నడుం, తరవాత కాళ్ళు లోపలికి పోవాలి. పూనమల్లి దాకా ప్రతి స్పీడుబ్రేకరు దగ్గరా వాడు కారును ఐమూలగా, నిండుగర్భిణిని నడిపించినట్టు నడిపించాడు. వేగంగా నడపడానికి కొన్న కారును అంత నెమ్మదిగా నడిపేవాణ్ణి నేను చూడలేదు.

గేటులోపల వరసగా షెడ్లు. అప్పటికే పదిహేను ఇరవై కార్లు చేరాయి. నేను ఊహించుకున్న షోకిలారాయుళ్ళు కనిపించలేదు. అందరూ మోకాళ్ళమీద ఉన్నారు! ఒకడు గాలి కొలుస్తున్నాడు, ఒకడు చక్రం ఊగుతోందేమో పట్టి చూస్తున్నాడు. చిన్నా కారులోంచి నీళ్ళసీసా దగ్గరనుంచి కాలికింది చాప దాకా కదిలే వస్తువన్నది లేకుండా తీసేశాడు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు సీసా దొర్లి పెడల్ కిందికి పోతే ఏమవుతుందో వాడు చెప్పనవసరంలేకపోయింది. తరవాత పొడుగాటి స్పానరు ఒకటి తీసి ఇరవై బోల్టులూ వరసగా బిగించాడు. కావలసినంత బిగువు రాగానే అది టక్కుమంటుంది. ప్రతి విడతకూ ముందు మళ్ళీ ఇరవై టక్కులూ వినాల్సిందే.

టైర్ల సంగతి నాకు కొత్త. మనం గాలి ఎక్కువ పట్టిస్తే మంచిదనుకుంటాం. వీడు పొద్దున్నే 28 పౌన్లకు దించేశాడు. మొదటి విడత ఇరవై నిమిషాలూ తిరిగివచ్చేసరికి అదే టైరు 35 చూపించింది. రాపిడికి రబ్బరు కాగి, లోపలి గాలి పొంగుతుంది. మళ్ళీ కొంత వదిలాడు. టైరు మీద చెయ్యి వేసి చూశాను, పెనంమీద వేసినట్టయింది. అంచులు చిలవలు పలవలుగా లేచి, కొబ్బరి కోరినట్టు రబ్బరు పోగులు అంటుకుని ఉన్నాయి. “ఇవి ఆరు రోజులు వస్తాయి మామయ్యా, మహా అయితే” అన్నాడు. ఆరు నెలలు అంటాడనుకున్నాను.

తిరిగి వచ్చినవాళ్ళెవరూ హ్యాండుబ్రేకు వేయకపోవడం గమనించాను. చక్రాలకు చెక్కముక్క అడ్డంపెట్టి వదిలేస్తున్నారు. బ్రేకు డిస్కులు వందల డిగ్రీల వేడిమీద ఉన్నప్పుడు బ్రేకు పట్టి ఉంచితే, వేడి ఒక్కచోటే నిలిచి డిస్కు పాడవుతుందట. అందుకే చివరి చుట్టు బ్రేకు ముట్టుకోకుండా మెల్లగా తిరిగి, గాలికి చల్లార్చుకుని వస్తారు. మా కాలేజీ ఫిజిక్సు లెక్చరరుగారిని తరవాత అడిగితే కాగితంమీద లెక్క వేసి చూపారు. మనిషితో కలిపి 1450 కిలోల కారు గంటకు 180 కిలోమీటర్ల వేగం నుంచి 80కి తగ్గితే, ఆ ఒక్క బ్రేకులో పుట్టే వేడి అయిదు లీటర్ల మామూలు నీటిని మరిగే దాకా తేవడానికి సరిపోతుంది. ఇరవై నిమిషాల్లో అలాంటివి ఎన్నో.

రెండో విడత చివర్లో చిన్నా రావలసిన సమయానికి రాలేదు. జెండాలవాళ్ళ వైపు నుంచి పసుపు జెండా కనిపించింది. అంబులెన్సు దగ్గర కూర్చున్నతను లేచి నిలబడ్డాడు. నేనూ లేచాను. ఆ రెండు నిమిషాలూ ఎలా గడిచాయో రాయను. తరవాత కారు మట్టికొట్టుకుని, మెల్లగా, తనంతట తానే వచ్చింది. మలుపు దగ్గర పెడల్ తొక్కితే అడుగుదాకా మెత్తగా దిగిపోయిందట. వాడు గేరు తగ్గించి, మలుపు తిప్పే ప్రయత్నం మాని, తిన్నగా మట్టిలోకి పోనిచ్చాడు. అక్కడ జాగా ఉంది కనుక సరిపోయింది. అదే బెంగుళూరు రోడ్డయితే ఎదురుగా లారీ ఉండేది.

పక్క షెడ్డులోంచి ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటిన మెకానిక్కు, హోసూరు తెలుగువాడు. చక్రం ఊడదీసి, సన్న గొట్టం ఒకటి తగిలించి, నన్ను కారులో కూర్చోమన్నాడు. ఈ పనికి ఇద్దరు మనుషులు కావాలి. ఆయన “తొక్కు” అంటే నేను పెడల్ తొక్కాలి, “పట్టు” అంటే వదలకుండా పట్టుకోవాలి, “విడు” అంటే వదలాలి. బి.ఎ. పిల్లలకు ఛందస్సు చెప్పే మనిషిని, కింద పడుకున్న ఆయన గణాలకు తగ్గట్టు పాదం కదిపాను. గొట్టంలోంచి వచ్చినదాన్ని ఆయన సీసాలో పట్టి వెలుగుకు చూపించాడు.

“ఇది మార్చినది కాదు సామీ. డికాషను మాదిరి ఉంది చూడు.”

చిన్నా మొహం నల్లబడింది. నెల తిరగకముందే ఒక పేరున్న వర్క్‌షాపులో బ్రేకు ఆయిలు మార్పించి, డబ్బు కట్టి, బిల్లు పుచ్చుకున్నాడు. బిల్లు ఇంట్లో భద్రంగా ఉంది. మార్చవలసింది కారులో అలాగే ఉంది! పేరు ఎందుకు లెండి. ఆ బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 అనే రకం కొత్తదైతే 230 డిగ్రీలదాకా మరగకూడదు. తేమ పట్టాక 155 దగ్గరే మరగవచ్చు. మద్రాసు గాలి సంగతి మీకు తెలుసు. ద్రవం నొక్కితే నొక్కుకోదు, అందుకే కాలి బలం చక్రందాకా పోతుంది. మరిగి ఆవిరి బుడగలు పుడితే అవి నొక్కుకుంటాయి. కాలు కిందికి పోతుంది, కారు ముందుకు పోతుంది.

సరిగ్గా నేను పెడల్ తొక్కుతుండగా పులిహోర డబ్బాతో అక్కయ్య వచ్చింది. గుడి మూసే వేళకు దర్శనం చేసుకుని ఇటు వచ్చారు. కొడుకు చొక్కా నిండా మట్టి, నేను కారులో చెప్పులు లేకుండా. దాచడానికి వీల్లేదు. చిన్నా దాచలేదు కూడా, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అక్కయ్య ఏడవలేదు, కేకలు వేయలేదు. “ఇకనుంచి ఆ నూనె నువ్వే మార్చుకో. ఎవరో చేశారని నమ్మవద్దు” అంది, అంతే. ఆమె ముప్పై ఏళ్ళుగా పాలుపోసేవాడి చెంబులో వేలు ముంచి చూసే మనిషి.

భోజనాలయ్యాక బావగారు అసలు ప్రశ్న అడిగారు: ఎంతవుతోంది? చిన్నా నోటుబుక్కు తీశాడు. లెక్క వాడిదే, కూడికలు బావగారు సరిచూశారు. ఆ రోజు రుసుము 12,000. పెట్రోలు వందరూపాయల సీసా కాదు, 100 ఆక్టేను రకం. బాటమీద లీటరుకు మూడు కిలోమీటర్ల చిల్లర ఇస్తుంది. 45 లీటర్లకు 7,200. ఇవి చేతినుంచి అప్పటికప్పుడు పోయేవి, చిన్నవి. అసలు ఖర్చు కంటికి కనిపించకుండా అరుగుతూ ఉంటుంది. నాలుగు టైర్లకు లక్షా నలభైవేలు, ఆరు రోజులకు పంచితే రోజుకు 23,300. బ్రేకు ప్యాడ్ల కింద 12,000, డిస్కుల కింద 10,000. ఇంజను ఆయిలు మూడుసార్లకోసారి మారుస్తాడు, దానికి 6,000. బ్రేకు ఆయిలు 2,500. మొత్తం 73,000. మధ్యలో ఒక విడత పోగా, నాలుగు విడతలు తిరిగితే ఎనభై నిమిషాలు, సుమారు నలభై చుట్లు.

“చుట్టుకు పద్దెనిమిది వందల పాతిక” అన్నారు బావగారు.

“నేను పొద్దున గుళ్ళో పదకొండు ప్రదక్షిణలు చేశాను. హుండీలో వంద వేశాను” అంది అక్కయ్య.

నవ్వులయ్యాక బావగారు ఇన్సూరెన్సు మాట ఎత్తారు. మన మోటారు పాలసీల్లో పందేలకూ వేగపరీక్షలకూ వాడితే వర్తించదని స్పష్టంగా రాసి ఉంటుంది. ఇది పందెం కాదని కంపెనీతో వాదించుకోవచ్చునేమో గాని, ఆ వాదనమీద భరోసా పెట్టుకోవడం బుద్ధిమంతుల పని కాదు. అంటే గేటు లోపల కారు గోడకు కొడితే ఆ నష్టమంతా మనదే. “అందుకే అప్పు చేసి కొనలేదు నాన్నా. ఇక్కడే వదిలి బస్సులో ఇంటికి రావలసివచ్చినా నెలవాయిదా ఉండదు” అన్నాడు చిన్నా. బావగారు చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత నోటుబుక్కు అడిగి పుచ్చుకుని, ఏడాదికి ఇన్నిసార్లు అని ఒక అంకె వేయమన్నారు. వాడు ఆరు వేశాడు. ఆయన కొట్టేసి మూడు వేశారు. నాలుగు దగ్గర ఇద్దరూ ఆగారు. ఆ లెక్కన ఏడాదికి 2,92,000. ప్లాటు వాయిదాకంటే తక్కువే అని వాడు, ప్లాటు అరగదని ఆయన.

నాకు తోచింది నేనూ చెప్పాను. ఖర్చు దండగే. నా మటుకు నేనైతే ఆ డబ్బుతో పుస్తకాలు కొంటాను, అదీ కొందరికి దండగే. కాని వేగం మీద మోజున్న కుర్రవాళ్ళు ఈస్టు కోస్టు రోడ్డుమీద అర్ధరాత్రి తీర్చుకునే పద్ధతి కూడా పేపర్లలో చూస్తున్నాం. అక్కడ రుసుము ఉండదు, అంబులెన్సూ ఉండదు, ఎదుటివాడికి తను ఆటలో ఉన్నట్టు తెలియనే తెలియదు.

చివరి విడతకు చిన్నా నాకో హెల్మెట్టు తెచ్చాడు. అక్కయ్య నా మొహం చూసింది. పెడల్ నేను తొక్కి బాగుచేసిన బ్రేకు కనుక వెనకాడ్డానికి వీల్లేకపోయింది. మలుపు మీదికి వస్తోంది, ఇంకా వేగమే. ఇక అయిపోయిందనుకున్న తరవాత కూడా ఒక క్షణం ఆగి వాడు బ్రేకు తొక్కాడు. బెల్టు ఛాతీని పట్టేసింది, పులిహోర గొంతుదాకా వచ్చింది. కారు బుద్ధిగా తగ్గి, మలుపులో పక్కకు ఒరిగి, బయటపడింది. ఇలాంటివి పన్నెండు, మళ్ళీ మొదటినుంచి. వాడి చేతులు నిదానంగా కదులుతున్నాయి. వాళ్ళ అమ్మ దోసె తిప్పేటప్పుడు చేతిలో ఉండే నిదానమే అది. నాలుగు చుట్ల తరవాత నన్ను దింపెయ్యమన్నాను.

అయిదున్నరకు బాట మూసేశారు. అందరూ మళ్ళీ మోకాళ్ళమీదికి దిగారు. చల్లారిన టైర్లలో గాలి తగ్గిపోతుంది కనుక రోడ్డుకు తగినట్టు నింపాలి. చిన్నా పంపు పెట్టి నింపాడు, ఇరవై టక్కులూ వినిపించాడు. హోసూరాయన డబ్బు వద్దంటే బలవంతాన జేబులో పెట్టాడు. డికాషను రంగు సీసాకు మూత బిగించి, గుడ్డలో చుట్టి, సీటు వెనకాల పెట్టుకున్నాడు. సోమవారం బిల్లుతోపాటు దాన్ని పట్టుకుని ఆ వర్క్‌షాపుకు వెళ్తాడట. బావగారు తానూ వస్తానన్నారు.